గడిలో ఇంటూ

పోయిన వారం మనం గువ్వను హైస్కూల్లో ఆరో తరగతి గదిలోకి పంపి, వాళ్ళమ్మను వరండాలో బెంచీ మీద కూర్చోబెట్టి వచ్చాం. ఆమె ఇంకా అక్కడే ఉంది. పిల్లవాడి నీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని, మూత విప్పుతూ, మళ్ళీ బిగిస్తూ ఉంది.

పదకొండేళ్ళ పిల్లవాడు గువ్వ. మాటలు చాలా తక్కువ. చప్పుడంటే బెదురు, కొత్త మనిషంటే బెదురు. మూల చూసుకుని ముడుచుకు కూర్చుంటాడని చిన్నప్పుడు పిలిచిన ముద్దుపేరే చివరికి అసలు పేరైపోయింది. చిన్నబడి అయిపోయాక వాణ్ణి చేర్చుకునే పెద్దబడి కోసం ఆమె తొక్కని గడప లేదు. "మా దగ్గర ఇలాంటి పిల్లలకి సౌకర్యాలు లేవమ్మా" అని అందరూ ఒకే మాట అన్నారు, కూడబలుక్కున్నట్టు. ఈ బడిలో మాత్రం ఇలాంటి పిల్లలకని ఒక టీచరమ్మ ఉంది, ఆవిడకి వరండా చివర ఒక గది ఉంది. ఆవిడ బతిమాలిన మీదట హెడ్మాస్టరు కాస్త మెత్తబడ్డాడు. "ఒక్క పూట కూర్చోబెట్టి చూద్దాం. గొడవ లేకుండా ఉంటే సీటు. ఉండలేదా, నన్ను మళ్ళీ అడగొద్దు" అన్నాడు.

సీటు రాకపోతే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఇంటాయన ఆ సంగతి ఎప్పుడో తేల్చేశాడు. ఊరవతల ఇలాంటి పిల్లల్ని ఉంచుకునే హాస్టలు ఉంది. ఆమె ఒకసారి వెళ్ళి చూసొచ్చింది. మేడ మీద కిటికీ చువ్వల్లోంచి చేతులు బయటికి ఉన్నాయి. ఒక్క చెయ్యీ ఊగడం లేదు, పిలవడం లేదు. పిండి ఆరేసిన బట్టల్లా వేలాడుతున్నాయి. ఆ రోజు నుంచి ఆమెకు తిండి సయించడం లేదు.

నెత్తి మీది కరెంటు బెల్లు మోగింది. పళ్ళు జివ్వుమన్నాయి. ఆమె చటుక్కున లేచి నిలబడింది. బెల్లు ఆగింది. క్లాసు గదిలోంచి ఏమీ వినపడలేదు. హమ్మయ్య అనుకుని కూర్చోబోయింది.

అప్పుడు వినిపించింది గువ్వ అరుపు.

ఆకలేస్తే అరిచే అరుపు కాదు అది, మారాం అరుపూ కాదు. గొంతు చీరుకుపోయేలా, ఊపిరి అయిపోయేదాకా సాగే అరుపు. ఆమె సీసా చేత్తో పట్టుకునే పరిగెత్తింది.

గుమ్మంలో పిల్లలు ఒకరి మీద ఒకరు పడుతూ బయటికొస్తున్నారు. వాళ్ళను తోసుకుని లోపలికి దూరింది. బెంచీ ఒకటి తిరగబడి ఉంది. దాని పక్కన గువ్వ నేల మీద బోర్లా పడి ఉన్నాడు. డ్రిల్లు సారు మోకాలు వాడి నడ్డి మీద ఉంది. వాడి చేతులు రెండూ వెనక్కి విరిచి ఒక్క గుప్పిట్లో పట్టుకుని పైకి లాగుతున్నాడు. సారు ముంజేతి మీద పంటిగాట్లు. వాటిలోంచి నెత్తురు కారి పిల్లవాడి తెల్లచొక్కా వీపు మీద చుక్కలు చుక్కలుగా పడుతోంది. గువ్వ నుదురు గచ్చుకేసి కొట్టుకుంటున్నాడు. కొట్టినప్పుడల్లా టెంకాయ కొట్టినంత చప్పుడు.

"వదలండి" అంది.

"వదిలితే నన్ను పీక్కు తింటాడమ్మా వీడు. నువ్వు జరుగు."

ఆమె రెండోసారి అడగలేదు. నీళ్ళు నిండిన స్టీలు సీసా ఎత్తి సారు చెవి మీద కొట్టింది.

డ్రిల్లు సారు పక్కకి ఒరిగాడు. ఒరుగుతూనే చెయ్యి విసిరాడు. అది ఆమె దవడకి తగిలింది. వెనక్కి వెళ్ళి బెంచీల మధ్య పడింది. నోట్లో ఉప్పగా తగిలింది. ఏ పన్ను ఉందో, ఏది ఊడిందో చూసుకునే తీరిక ఎక్కడిది, సారు పిడికిలి సడలగానే గువ్వ ఇంకా వేగంగా నుదురు కొట్టుకోవడం మొదలుపెట్టాడు. ఆమె మోకాళ్ళ మీద పాకుతూ వెళ్ళి తన అరచెయ్యి వాడి నుదుటికీ నేలకీ మధ్య పెట్టింది. ఇంట్లోనూ అంతే చేస్తుంది. వాడు కొట్టుకున్నాడు. ఆమె వేళ్ళ కణుపులు గచ్చుకి నలిగాయి. మళ్ళీ కొట్టుకున్నాడు. చెయ్యి తియ్యలేదు.

"పిచ్చి తల్లికి పిచ్చి కొడుకు" అన్నాడు డ్రిల్లు సారు, చెవి పట్టుకుని లేస్తూ. మళ్ళీ పిల్లవాడి వైపు వంగబోయాడు.

"సార్, వాడి చేతులు ముట్టుకోకండి."

అది టీచరమ్మ గొంతు. గుమ్మంలో నిలబడి ఉంది. గట్టిగా అనలేదు గానీ, సారు ఆగిపోయాడు. ఆవిడ లోపలికొచ్చి ముందు ఫ్యాను ఆపింది. పిల్లల్ని బయటికి పంపి తలుపు చేరవేసింది. తర్వాత గువ్వకి కాస్త దూరంలో, చీర నలుగుతుందని కూడా చూసుకోకుండా, నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. వాడి వైపు చూడలేదు. మాట్లాడలేదు. మేకులా కూర్చుంది.

చాలాసేపటికి దెబ్బలు నెమ్మదించాయి. ఆ తర్వాత ఆగాయి. గువ్వ తల్లి అరచేతిలో ముఖం పెట్టుకుని, నేల మీద పడుకునే, తనలో తాను ఏదో గొణుక్కుంటున్నాడు. ఆమె చెవి దగ్గర పెట్టి విన్నది.

"కదలకు. కదలకు. కదలకు."

క్లాసులో ఎవరో అని ఉంటారు, పట్టుకున్నాడు అనుకుంది. విన్న మాటని చిలకలా అప్పజెప్పడం వాడికి అలవాటే.

*

వరండా చివర టీచరమ్మ గది చిన్నదే. గోడకి బొమ్మలు, మూల ఒక చాప, ఒక బల్ల, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. గువ్వను ఒక కుర్చీలో కూర్చోబెట్టారు. వాడి సంచీ తెచ్చి కాళ్ళ దగ్గర పెట్టారు. సంచీ కనబడితే ఎక్కడైనా నిమ్మళిస్తాడని తల్లి చెప్పింది. అది ఆమె కుట్టిన సంచీ. బ్యాగుల యూనిట్లో కుట్టుమిషను మీద పని ఆమెది.

హెడ్మాస్టరు వచ్చాడు. వెనకాలే డ్రిల్లు సారు, చెవికి తడిగుడ్డ అద్దుకుంటూ.

"చూడమ్మా, మీ ఆయనకి ఫోను చేశాను. వస్తున్నాడు. బాబుని తీసుకెళ్ళిపోండి" అన్నాడు హెడ్మాస్టరు. కోపంగా అనలేదు. బస్సు దాటిపోయిందని చెప్పినట్టు చెప్పాడు.

"సార్, ఒక్కసారి..."

"ఒక్కసారి అయిపోయింది కదమ్మా. ఒక్క బెల్లుకే ఇంత రభస. రోజుకి ఎన్ని బెల్లులుంటాయి బళ్ళో? ఎన్నిసార్లు మా వాళ్ళు కరిపించుకోవాలి?"

"నా చెవి సంగతేంటి సార్?" అన్నాడు డ్రిల్లు సారు. "కొడుకు కరిచాడంటే వాడికి తెలీదు, సరే. ఈవిడకి తెలీదా? సీసాతో కొట్టింది. అది గుండ్రంగా ఉండబట్టి సరిపోయింది, అంచుండుంటే ఈపాటికి నాకు కళ్ళజోడు పెట్టుకోడానికి చెవి ఉండేది కాదు."

"మీరు నా కొడుకు వీపు మీద మోకాలేశారు."

"మరి ఎత్తుకుని జోకొట్టమంటావా? ఎగిరి నా చెయ్యి కొరికాడమ్మా."

"ఊరికే కొరకడు వాడు."

"ఊరికే కాదులే. రుచి చూద్దామనుకున్నాడేమో."

హెడ్మాస్టరు చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపాడు. "నేను గొడవ పెంచదలుచుకోలేదు. పోలీసులూ, పైవాళ్ళూ, ఇవన్నీ నాకొద్దు. ఆవిడ కొట్టిందీ, మీరు కొట్టిందీ చెల్లు. బాబు మాత్రం ఇక్కడ కుదరడు."

"చేర్చుకోం అనే అధికారం మనకి లేదు సార్" అంది టీచరమ్మ. ఆవిడ చాప మీదే కూర్చుని ఉంది. గువ్వ మోకాళ్ళ ఎత్తులో. "క్లాసులో వాడి పక్కన కూర్చోడానికి తోడుమనిషిని అడగొచ్చు. బెల్లు టైముకి ఇక్కడికి తెచ్చుకోవచ్చు. అడిగితే వస్తాయి, మనం ఎప్పుడూ అడగలేదు."

"అడిగితే ఎప్పుడొస్తాయి మేడమ్? వీడు రిటైరయ్యాకా? రేప్పొద్దున పక్క పిల్లాడి కన్ను పోతే వాళ్ళ నాన్నకి నేనేం చెప్పాలి?"

"సార్, అసలు బెల్లుకి కాదు వాడు అరిచింది."

హెడ్మాస్టరు ఆవిడ వైపు తిరిగాడు.

"నేను గుమ్మంలోంచి చూస్తూనే ఉన్నాను. బెల్లు మోగినప్పుడు చెవులు మూసుకున్నాడు. కళ్ళు మూసుకున్నాడు. అంతే. బెల్లు ఆగింది, వాడు చెవులు తియ్యలేదు. సారు వెనకనుంచి వచ్చి వాడి రెండు చేతులూ పట్టుకుని వెనక్కి లాగారు. అప్పుడు అరిచాడు."

అవును. బెల్లు ఆగాక కాసేపు ఏమీ వినపడలేదు. తను హమ్మయ్య అనుకుంది కూడా.

"క్లాసులో చెవులు మూసుకు కూర్చుంటే తియ్యమనొద్దా?" అన్నాడు డ్రిల్లు సారు. గొంతులో ఇందాకటి బింకం లేదు. "చేతులు పట్టుకోడం కూడా తప్పేనా ఇప్పుడు?"

"తప్పని కాదు సార్. అంతలా ఎందుకు బెదిరాడా అని." టీచరమ్మ గువ్వ వైపు తిరిగి, తన చీర పవిటకున్న పిన్ను తీసి మళ్ళీ పెట్టుకుంది. ఇంకోసారి తీసి పెట్టుకుంది. గువ్వ కళ్ళు ఆ పిన్ను మీదికి వచ్చాయి. అలా వాడు చూస్తుండగా, వాడి చొక్కా చేతి గుండీ మెల్లగా విప్పింది. వాడు బిగుసుకున్నాడు గానీ చెయ్యి లాక్కోలేదు. ఆవిడ చొక్కా చేతిని మోచేతి దాకా మడిచింది.

మణికట్టు పైన, ముంజేయి చుట్టూ, రెండు వేళ్ళ వెడల్పున ఎర్రటి కడియం. అంచుల్లో చర్మం లేచిపోయి, లోపల పచ్చిగా మెరుస్తోంది. దాని కింద పాతవి, మానినవి, ఊదారంగువి, నల్లబడినవి, ఒకదాని మీద ఒకటి.

ఇంకో చెయ్యి విప్పింది. అదే.

తల్లికి కాసేపు ఏమీ అర్థం కాలేదు. అది తన కొడుకు చెయ్యేనా అన్నట్టు చూసింది. తర్వాత లేచింది. ఎప్పుడు లేచిందో, ఎప్పుడు బల్ల దాటిందో ఆమెకే తెలీదు. డ్రిల్లు సారు చొక్కా కాలరు ఆమె రెండు చేతుల్లో ఉంది. వెనక్కి తోసి గోడకి కొట్టింది. గోడ మీది బొమ్మల అట్ట ఊడి వాళ్ళిద్దరి మధ్యా పడింది.

"నా బిడ్డ చేతులు వలిచేశావురా. నీ చేతులు పడిపోను. నీకు పిల్లలు లేరా?"

"అమ్మా, వదులు."

"వలిచేశావు. మేకని వలిచినట్టు వలిచేశావు."

గోళ్ళు అతని మెడలో దిగాయి. అతను ఆమె రెక్క పట్టుకుని ఒక్క విసురు విసిరాడు. ఆమె వీపు ఇనప బీరువాకి తగిలింది. బీరువా మీది సుద్దముక్కల డబ్బా కిందపడి పగిలింది. గువ్వ చెవులు మూసుకుని ముందుకీ వెనక్కీ ఊగడం మొదలుపెట్టాడు.

"నేను పట్టుకున్నది నిజమే" అన్నాడు డ్రిల్లు సారు. రొప్పుతున్నాడు. మెడ మీద గోళ్ళ చారలు. తన అరచేతులు రెండూ ఆమె ముఖం ముందు పెట్టాడు. "ఈ చేతుల్తో పట్టుకున్నాను. సరిగ్గా చూడు వాడి చేతిని. నా వేళ్ళ గుర్తులేనా అవి? నా చేతికి కుట్లున్నాయా?"

కుట్లు.

ఆమె బీరువాని ఆనుకుని నిలబడి ఆ మాటని నమిలింది. కుట్లు ఏంటి? మెల్లగా వచ్చి కొడుకు ముందు కూర్చుంది. చెవి మీంచి వాడి చెయ్యి తియ్యలేదు. తను వంగి, మోచేతి కింద నుంచి చూసింది.

ఆ ఎర్రటి కడియంలో ఒక చోట, ముంజేతి లోపలివైపు, చర్మంలో చిన్న గుర్తు అచ్చు పడి ఉంది. నలుచదరపు గడి. గడిలో మూల నుంచి మూలకి రెండు గీతలు, ఇంటూ గుర్తులా. ఆ ఇంటూ మధ్యలో, గీతలు కలిసే చోట, మిగతా చోట్ల కన్నా లోతైన చుక్క.

ఆ కుట్టు వెయ్యని రోజు లేదు ఆమె బతుకులో. బ్యాగుకి పట్టీ తగిలించే చోట వేస్తారు. ముందు గడి కుట్టి, సూది ఎత్తకుండా మూల నుంచి మూలకి పోవాలి. యూనిట్లో అందరూ ఒక్క చుట్టుతో సరిపెడతారు. ఆమె ఇంటూ మీద రెండోసారి తిప్పుతుంది. అందుకే మధ్యలో దారం చిన్న బుడిపెలా లేస్తుంది. "నీ పట్టీకి ఏనుగుని కట్టేసినా ఊడదే" అని పక్క మిషను అక్క ఎప్పుడూ ఎగతాళి చేస్తుంది. చేత్తో తడిమితే చాలు, వంద సంచుల్లో తన సంచీ ఏదో చెప్పగలదు.

ఆమె సంచీ దగ్గరికి లాక్కుంది. భుజాల మీంచి జారిపోకుండా, ఎదమీద బిగించుకోడానికి అడ్డపట్టీ ఒకటి కుట్టింది. రెండు చివర్లా బకిల్సు పెట్టింది, కావాలంటే తీసేసుకోడానికి వీలుగా. గువ్వ కుదురుగా నడవడు, ఎగురుతూ నడుస్తాడు, సంచీ జారితే ఏడుస్తాడు. వాడి కోసమని ఆలోచించి ఆలోచించి పెట్టిన పట్టీ అది. ఆ పట్టీ విప్పి చేతిలోకి తీసుకుంది. బకిలు పక్కన తన కుట్టు. గడి. గడిలో ఇంటూ. మధ్యలో బుడిపె. కొడుకు ముంజేతి మీద ఆనించనక్కర్లేదు. అయినా పక్కన పెట్టి చూసింది.

గడి అంతే. ఇంటూ అంతే.

పట్టీ లోపలివైపు గోధుమరంగు మరకలున్నాయి. మట్టి అనుకుని ఎన్నిసార్లు ఉతికిందో.

"ఎవరు చేశారు?" అన్నాడు హెడ్మాస్టరు. ఆయన గొంతు మారిపోయింది.

"పాత బళ్ళో..." ఆమె పట్టీని పిడికిట్లో నలిపింది. "వాళ్ళ టీచరు ఎప్పుడూ చెప్పేది సార్, మీ వాడు బంగారం, కూర్చున్న చోటి నుంచి లేవడని. కట్టేసి కూర్చోబెట్టి, నాకు బంగారమని చెప్పింది. నేను చేతులెత్తి దణ్ణం పెట్టొచ్చాను ఆవిడకి."

టీచరమ్మ వాడి ముంజేతిని ఇంకా చూస్తోంది.

"అమ్మా, ఆ బడికి సెలవులిచ్చి ఎన్నాళ్ళయింది?"

"ఎండలు మొదలైనప్పుడే..."

ఆమె ఆగిపోయింది.

"ఇది పాతది కాదు" అంది టీచరమ్మ, తల్లికి మాత్రమే వినపడేలా గొంతు తగ్గించి. "ఇంకా చెమ్మగా ఉంది చూడండి. నిన్నటిదో మొన్నటిదో. సెలవుల్లో ఈ సంచీ ఎక్కడుంది?"

ఎక్కడుంది? ఇంట్లోనే ఉంది. వంటగది తలుపు వెనక మేకుకి వేలాడుతూ ఉంది.

"పగలు మీరు పనికెళ్తే, వీడి దగ్గర ఎవరుంటారమ్మా?"

ఆమె చేతిలోని పట్టీ వైపు చూసింది. ఒక్కొక్కటే వచ్చి ఎదురుగా నిలబడుతున్నాయి. ఇంటాయనది రాత్రి డ్యూటీ, గోడౌను కాపలా. పగలంతా ఇంట్లోనే నిద్ర. "నువ్వుంటేనే వీడి వేషాలు. నా దగ్గర ఎంత బుద్ధిగా ఉంటాడో తెలుసా, నేను లేచేదాకా కుర్చీలోంచి కదలడు" అని గొప్పగా చెప్పుకునేవాడు. ఆ మాట విన్నప్పుడల్లా ఆమె మనసు చివుక్కుమనేది. తన పెంపకంలోనే లోపముందేమో, తండ్రి చెయ్యే మంచిదేమో అనుకునేది. "వాడి స్నానం నేను చేయించేస్తాలే, నువ్వు అలిసిపోయి వస్తావు" అనేవాడు. ఎంత మారిపోయాడు అని మురిసిపోయింది. దోమలు కుడుతున్నాయని వేసవంతా పొడుగు చేతుల చొక్కాలే వేశాడు. మణికట్ల దగ్గర గుండీలు తనే పెట్టేవాడు. ఎంత శ్రద్ధ అనుకుంది.

ఆ పట్టీ. నెలా నెలా దాని కుట్టు బకిలు దగ్గర పిగిలిపోయేది. అతనే తెచ్చి ఆమె ఒళ్ళో పడేసేవాడు. "ఏంటే నీ కుట్టు, వీడు లాగితేనే ఊడిపోతోంది. కాస్త గట్టిగా కుట్టు."

కుట్టింది. నైలాను దారం తెచ్చి కుట్టింది. పిగిలిన ప్రతిసారీ ముందటి కన్నా గట్టిగా కుట్టింది. తన బిడ్డ ఎంత బలంగా లాక్కుంటే ఆ దారం తెగుతుందో, ఆ బలానికి సరిపడా కుట్టి ఇచ్చింది.

పట్టీ పట్టుకున్న చేతిని నోటికి అడ్డం పెట్టుకుంది. పట్టీకి గువ్వ చెమట వాసన ఉంది.

వరండాలో చెప్పుల చప్పుడు. గుమ్మంలో అతను నిలబడ్డాడు. ఉతికిన చొక్కా, దువ్విన తల. ఎవరి ముందైనా అతను మర్యాదస్థుడే. రెండు చేతులూ జోడించాడు.

"నమస్కారం సార్. క్షమించాలి. నేను ముందే చెప్పాను మా ఆవిడకి, మన వాడికి ఈ బళ్ళు పడవే అని. వినదు." భార్య పెదవి మీది నెత్తురు చూశాడు. చూసి, చూపు తిప్పుకున్నాడు. గువ్వ వైపు తిరిగి, చాలా మెత్తగా అన్నాడు. "కదలకు నాన్నా. వచ్చేశాను కదా. కదలకు."

గువ్వ ఊగడం ఆపేశాడు.

ఒక్కసారిగా, స్విచ్చి నొక్కినట్టు. చెవుల మీంచి చేతులు తీశాడు. నడుము నిటారుగా పెట్టాడు. రెండు చేతులూ కుర్చీ వెనక్కి పోనిచ్చి, మణికట్లు ఒకదానికొకటి ఆనించి పెట్టుకున్నాడు. అలా పెట్టుకుని, ఎదర గోడని చూస్తూ, ఎదురుచూస్తూ కూర్చున్నాడు.

"చూశారా సార్" అన్నాడు తండ్రి, నవ్వుతూ. "నేనొస్తే చాలు."

హెడ్మాస్టరు చూస్తున్నది పిల్లవాడి ముఖాన్నే. కుర్చీ వెనక ఏముందో ఆయన నిలబడిన చోటికి కనబడదు. అంత అరుపు, అంత రక్తం తర్వాత ఆ నిశ్శబ్దం ఆయనకి ప్రాణం లేచొచ్చినట్టుంది.

"భలే. మీ మాట బాగా వింటాడే" అన్నాడు. బల్ల మీద వేళ్ళతో తాళం వేస్తూ కాసేపు ఆలోచించాడు. "ఆ పాతబడి వాళ్ళ సంగతి తర్వాత తేల్చుదాం. మేడమ్, తోడుమనిషి కావాలన్నారు కదా. ఎవరినో అడుక్కోవడం దేనికి? తండ్రే ఉన్నాడు. ఏమయ్యా, రోజూ వచ్చి క్లాసులో వీడి పక్కన కూర్చోగలవా? కూర్చుంటానంటే సీటు ఇప్పుడే ఇచ్చేస్తాను."

"దాందేముంది సార్, రాత్రి డ్యూటీ నాది. పగలంతా ఖాళీయే. బిడ్డ కోసం ఆమాత్రం నిద్ర మానుకోలేనా?"

"చూశావామ్మా?" హెడ్మాస్టరు ఆమె వైపు తిరిగాడు. "నీ మొర దేవుడు విన్నాడు. ఒప్పుకుంటే రేపే చేర్చుకుంటాను. ఏమంటావు?"

సీటు. దాని కోసమే కదా ఇన్ని గడపలు ఎక్కి దిగింది. ఒక్క 'సరే' అంటే అయిపోతుంది. అనకపోతే చువ్వల్లోంచి వేలాడే ఆ చేతుల పక్కన ఇంకో రెండు చేతులు. ఆమె టీచరమ్మ వైపు చూసింది. టీచరమ్మ కుర్చీ వెనక్కి చూస్తోంది. ఆవిడ ముఖంలో నెత్తురు చుక్క లేదు. అయినా నోరు తెరవలేదు. సీటు ఆవిడది కాదు, బిడ్డ ఆవిడ బిడ్డ కాదు. మాట తల్లి నుంచి రావాలి.

డ్రిల్లు సారు కూడా కుర్చీ వెనక్కే చూస్తున్నాడు. పిల్లవాడి మణికట్లనీ, ఆమె చేతిలోని పట్టీనీ మార్చి మార్చి చూశాడు. చెవికి అద్దుకున్న తడిగుడ్డ బల్ల మీద పెట్టేశాడు. వెళ్ళి గది తలుపు మూసి గడియ పెట్టాడు. దానికి వీపు ఆనించి నిలబడ్డాడు.

"ఏంటి సార్, తలుపెందుకు?" అన్నాడు తండ్రి. నవ్వు ఇంకా పోలేదు.

ఆమె లేచింది. దవడ వాచి ఒక కన్ను సగం మూసుకుపోయింది. పట్టీని పిడికిలికి ఒక చుట్టు చుట్టుకుని, ఇంకో చేత్తో కొస పట్టుకుని లాగి చూసింది. గట్టిగా ఉంది. తన కుట్టే కదా. తాపీగా నడిచి కొడుకు వెనక్కి వెళ్ళి, కలిపి పెట్టుకున్న ఆ చిన్న మణికట్లని విడదీసి, వాడి చేతుల్ని వాడి ఒళ్ళోకి తెచ్చి పెట్టింది. తర్వాత ఖాళీ కుర్చీ ఒకటి కాలితో లాగి మొగుడి ముందుకు తోసింది.

"సీటు సంగతి తర్వాత చెప్తాను సార్" అంది, హెడ్మాస్టరు వైపు చూడకుండానే. ఆమె కళ్ళు మొగుడి మీదే ఉన్నాయి.

"కూర్చో" అంది. "చేతులు వెనక్కి పెట్టు."